లోపలి ప్యాడ్ చూశారా? ట్రాక్ మీద తిప్పిన మియాటాకు బ్రేక్ ప్యాడ్లు మార్చడం

థండర్‌హిల్ రేస్‌వే కాలిఫోర్నియాలో విల్లోస్ అనే చిన్న ఊరి పక్కన ఉంటుంది. మేముండే ఫ్రీమాంట్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరినా రెండున్నర గంటల పైనే ప్రయాణం. నాలుగేళ్ల కిందట అక్కడ ట్రాక్ డేకి (మామూలు జనం సొంత కార్లను రేసు ట్రాక్ మీద నడిపే రోజు) వెళ్లే ముందురోజు సాయంత్రం నేను చేసిన తనిఖీ ఇంతే: చక్రం స్పోక్స్ సందులోంచి టార్చి వేసి ముందు బ్రేక్ ప్యాడ్ చూశాను. ఆరు మిల్లీమీటర్ల లైనింగ్, అంటే ప్యాడ్ మీద అరిగే పదార్థం, కనిపించింది. సరిపోతుందనుకున్నాను. మర్నాడు మూడో సెషన్‌లో, పొడవాటి వెనక స్ట్రెయిట్ (తిన్నటి దారి) చివర 14వ మలుపు ముందు బ్రేక్ నొక్కితే పెడల్ రోజూ ఆగే చోట ఆగలేదు. ఇంకా కిందికి వెళ్లింది. మళ్లీ నొక్కేసరికి ఇనుముకు ఇనుము రాసుకుంటున్న గరగర చప్పుడు. చెయ్యి బయటికి చాపి, పక్కకు తప్పుకుని, నెమ్మదిగా పిట్‌లోకి వచ్చేశాను.

చక్రం విప్పి చూస్తే బయటి ప్యాడ్ నేను చూసినట్టే ఉంది. దాని వెనక, ప్యాడ్‌ని నొక్కే పిస్టన్ వైపు ఉండే లోపలి ప్యాడ్‌లో లైనింగ్ అనేదే మిగల్లేదు. లైనింగ్ అతికించి ఉండే వెనక రేకు, చక్రంతో పాటు తిరిగే ఇనుప డిస్కును నేరుగా గీస్తోంది. ఆ రాత్రి విజయవాడకు వీడియో కాల్ చేసి నాన్నకు చూపించాను. ఆయన ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు లారీ బ్రేకుల పని చేశారు. ఆయన అడిగిన మొదటి మాట, "ప్యాడ్లు తర్వాత కొందువు గానీ, ఆ పిన్ను చేత్తో కదుల్తోందా చూడమ్మా." కదల్లేదు. ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే స్లైడ్ పిన్ తుప్పుతో బిగుసుకుపోయింది. అంతకు మూడు నెలల ముందు ఒక షాపులో ప్యాడ్లు మార్పించాను. కొత్త ప్యాడ్లు వేశారు గానీ ఆ పిన్ను బయటికి తీసి చూసినట్టు లేదు. అప్పటి నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను. నాన్న దగ్గర నేర్చుకున్నది ఒక్కటే: పాత ప్యాడ్ ఎందుకు అలా అరిగిందో తెలుసుకోకుండా కొత్తది వేయకూడదు.

నా కారు 1999 మాజ్డా మియాటా, 1.8 లీటర్ల ఇంజిన్. ఇక్కడ చెప్పే కొలతలు ఆ కారువి. ఒకే పిస్టన్‌తో జరిగే క్యాలిపర్ ఉన్న ఏ కారుకైనా పద్ధతి దాదాపు ఇదే. కొలతలు మాత్రం మీ కారు వర్క్‌షాప్ మాన్యువల్‌లో చూసుకోండి.

ముందు ట్రాక్ మీద బ్రేకులకు ఏమవుతుందో చెప్పాలి. నాతో కలిపి కారు బరువు దాదాపు 1100 కిలోలు. గంటకు 160 కిలోమీటర్ల వేగం నుంచి మలుపు కోసం 70కి దించితే, ఆ ఒక్కసారికే బ్రేకుల్లో పుట్టే వేడి మూడు లీటర్ల మామూలు నీళ్లను దాదాపు మరుగు దాకా తేగలదు. అందులో ఎక్కువ భాగం ముందు చక్రాల మీదే పడుతుంది. ఇలాంటివీ, ఇంతకంటే చిన్నవీ కలిపి ల్యాప్‌కి నాలుగైదు సార్లు, ఇరవై నిమిషాల సెషన్ అంతా. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే కారులో రెండు మూడేళ్లు వచ్చే ప్యాడ్లు ఇక్కడ రెండు మూడు రోజుల్లో అయిపోవచ్చు. అంతకంటే ముఖ్యంగా, వేడెక్కే కొద్దీ అరుగుదల వేగం పెరుగుతుంది. లైనింగ్ పలచబడితే వేడిని అడ్డుకునే మందం తగ్గి, ఆ వేడి పిస్టన్‌లోకీ, అక్కడి నుంచి బ్రేక్ ఆయిల్‌లోకీ పోతుంది. అందుకే రోడ్డు మీద 3 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చుననే లెక్క ట్రాక్‌కి పనికిరాదు. సగం అరిగితే నేను ట్రాక్‌కి వేసుకెళ్లను. తనిఖీలో సగానికి పైగా లైనింగ్ ఉండాలని అడిగే నిర్వాహకులు చాలామందే ఉన్నారు.

బ్రేక్ పట్టనప్పుడు తప్పు ప్యాడ్‌దా, ఆయిల్‌దా అన్నది కాలికే తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు ఆగడం లేదు అంటే ప్యాడ్లు వేడికి పట్టు వదిలేశాయి. పెడల్ మెత్తగా, స్పాంజి తొక్కినట్టు కిందికి దిగిపోతోందంటే ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు చేరాయి. రెండో దానికి ఎన్ని కొత్త ప్యాడ్లు వేసినా లాభం లేదు. డాట్ అనేది బ్రేక్ ఆయిల్ రకాన్ని చెప్పే గుర్తు. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అలా పీల్చుకున్నాక ఆ కనీస హద్దు 140కీ, 155కీ పడిపోతుంది. నేను మోటుల్ ఆర్‌బీఎఫ్ 600 వాడతాను, కొత్తదానికి 312 డిగ్రీలు. సీజన్ మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి మారుస్తాను. డాట్ 5 అని రాసి ఉన్నది సిలికాన్ ఆయిల్, దాన్ని వీటితో కలపకూడదు. 5.1 వేరు, అది కలుస్తుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో కొనేటప్పుడు పొరపాటు పడటం తేలిక.

ప్యాడ్ల ఎంపికలో ఒక్క మాట. పూర్తి రేసు ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టదు, కీచుమంటుంది, డిస్కును తినేస్తుంది. పొద్దున్నే పిల్లల్ని స్కూల్లో దింపే కారుకు అది వద్దు. రోడ్డుకు ఒక సెట్టు, ట్రాక్‌కి ఒక సెట్టు పెట్టుకోవడమే నాకు నచ్చిన పద్ధతి. ప్యాడ్ అంచు మీద రెండు అక్షరాలు అచ్చేసి ఉంటాయి: మొదటిది మామూలు వేడిలో పట్టు, రెండోది బాగా వేడెక్కాక పట్టు. ఈ (E) అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ (F) అంటే 0.45 దాకా, జీ (G) అంటే 0.55 దాకా. రెండో అక్షరం మొదటి దానికంటే తక్కువ ఉంటే వేడిలో పట్టు తగ్గుతుందని అర్థం. అదే అంచు మీద ఎన్ (N) అని కూడా ఉంటే అందులో రాగి అర శాతానికి మించదని. ప్యాడ్ల పొడిలోని రాగి వాన నీటితో వాగుల్లోకి చేరి చేపలకు హాని చేస్తోందని కాలిఫోర్నియా 2010లో చట్టం చేసింది. 2021 నుంచి 5 శాతం, 2025 నుంచి అర శాతం హద్దు. పాత స్టాకు చవగ్గా దొరికినా నేను కొనను.

ఇక పని. ట్రాక్ నుంచి వచ్చిన రోజే మొదలుపెట్టకండి, అన్నీ పూర్తిగా చల్లారాలి. చదునైన సిమెంటు నేల మీద కారు పెట్టి, లేపని చక్రాలకు ముందూ వెనకా అడ్డుచెక్కలు పెట్టండి. చక్రం నట్లు కారు నేల మీద ఉండగానే ఒక్క పావు తిప్పు వదులు చేయాలి. మియాటాకు 21 ఎంఎం సాకెట్ పడుతుంది. తర్వాత జాకీతో లేపి, జాక్ స్టాండ్ల మీద కూర్చోబెట్టి, చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ దించి సరిచేయండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి చేసిన పని వల్ల ఆటోనగర్‌లో ఒక కుర్రాడి కాలు నలగడం చిన్నప్పుడు నేను చూశాను. ఈ ఒక్క విషయంలో తొందర వద్దు.

క్యాలిపర్ వెనకవైపు బోల్టులు చేతికి అందేలా స్టీరింగ్‌ను తిప్పుకోండి. ముందు క్యాలిపర్‌కి కింది బోల్టు ఒక్కటి తీస్తే చాలు, 14 ఎంఎం పానా. క్యాలిపర్‌ను పై పిన్ను ఆధారంగా పైకి తిప్పి, ఒక తీగతో స్ప్రింగుకు కట్టేయండి. మొత్తం విప్పాల్సి వస్తే మాత్రం దాన్ని రబ్బరు గొట్టం మీద వేలాడనివ్వకండి. గొట్టం లోపల నలిగితే పైకి కనిపించదు. ప్యాడ్లు తీయకముందే క్లిప్పులూ, షిమ్ములూ (ప్యాడ్ వెనక ఉండే పలచటి రేకులు) ఎటువైపు ఎలా ఉన్నాయో ఫోటో తీసి పెట్టుకోండి. ఒకవైపు పూర్తయ్యేదాకా రెండోవైపు విప్పకపోతే చూసుకోవడానికి ఒక నమూనా మిగులుతుంది. పొడిని గాలి కొట్టి ఊదకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రే చేసి కింద పళ్లెంలోకి కారనివ్వండి.

ఇప్పుడు అసలు పని. నాన్న విప్పిన బ్రేక్ షూలను గోనెపట్టా మీద వరసగా పేర్చి, ఏది ఏ చక్రానిదో సుద్దముక్కతో రాసేవారు. లారీ ఓనరు వచ్చి చూసేదాకా ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. నేను అట్టముక్క మీద కారు బొమ్మ గీసి, ముందు కుడి లోపల, ముందు కుడి బయట అంటూ ఎనిమిది గళ్లలో ఎనిమిది ప్యాడ్లు పెడతాను. వెర్నియర్‌తో ఒక్కో ప్యాడ్‌ని రెండు చివర్లా కొలిచి అక్కడే రాస్తాను.

లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది నిలిచి ఉంటే ముందు స్లైడ్ పిన్నులను అనుమానించండి. పిస్టన్ లోపలి ప్యాడ్‌ని నేరుగా నెడుతుంది. బయటి ప్యాడ్ పని చేయాలంటే క్యాలిపర్ మొత్తం పిన్నుల మీద జరగాలి. పిన్ను బిగుసుకుంటే భారమంతా లోపలి దాని మీదే. ఒకే చక్రానికి రెండు ప్యాడ్లూ మిగతా వాటికంటే ఎక్కువ అరిగితే పిస్టన్ వెనక్కి రావడం లేదేమో, గొట్టం లోపల మూసుకుపోయిందేమో చూడాలి. ప్యాడ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు కాస్త ఏటవాలుగా అరగడం ట్రాక్ మీద మామూలే. రెండు చివర్ల తేడా 2 మిల్లీమీటర్లు దాటితే నేను పిన్నులు మళ్లీ తీసి చూస్తాను. అంచులు బూడిద రంగుకు తిరిగి, గోటితో గీరితే పొడిగా రాలుతుంటే ఆ ప్యాడ్ తన వేడి హద్దు దాటింది. అంటే మీకు కావాల్సింది అదే రకం కొత్త ప్యాడ్ కాదు, ఇంకా ఎక్కువ వేడి తట్టుకునే రకం. ముఖం అద్దంలా మెరుస్తుంటే గ్లేజింగ్ వచ్చింది, అంటే వేడికి పైపొర గట్టిపడి నున్నబడింది. లైనింగ్ వెనక రేకు నుంచి ఊడి వస్తున్నా, అడ్డంగా పగిలినా ఎంత మందం ఉన్నా వాడకూడదు.

డిస్కును కూడా అప్పుడే చూడాలి. వెంట్రుకల్లాంటి సన్నటి పగుళ్లు ముఖం మీద ఉండటం ట్రాక్ డిస్కుకు సహజం. పగులులో గోరు చిక్కుకుంటే, లేదా అది అంచు దాకా పాకితే ఆ డిస్కు చెత్తలోకే. మందం మైక్రోమీటర్‌తో కొలవండి. అంచున అరగని గట్టు మిగిలి ఉంటుంది కాబట్టి వెర్నియర్ వేస్తే ఎక్కువ చూపిస్తుంది. నా ముందు డిస్కు కొత్తది 20 మిల్లీమీటర్లు, కనీసం 18 ఉండాలి. ఆ కనీస కొలత మామూలుగా డిస్కు మీదే అచ్చేసి ఉంటుంది. బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణుకుతోందంటే డిస్కు వంగిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది ప్యాడ్ పదార్థం డిస్కు మీద మచ్చలుగా అంటుకోవడం. వేడి బ్రేకులతో కారు ఆపి పెడల్ తొక్కిపట్టి ఉంచితే అదే చోట ఆ మచ్చ పడుతుంది.

పిన్నులు రెండూ బయటికి లాగి, పాత గ్రీజు పూర్తిగా తుడిచి, తుప్పు ఉంటే సన్నటి గరుకు కాగితంతో తీసి, బ్రేకుల కోసమే చేసిన సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. మామూలు బేరింగ్ గ్రీజు వద్దు, అది రబ్బరు బూట్లను ఉబ్బిస్తుంది. గుంతలు పడిన పిన్ను అయితే కొత్తది కొనండి. బూటు చిరిగితే అదీ మార్చండి. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు బూటు ట్రాక్ వేడికి పెళుసెక్కుతుంది, టార్చి వేసి చుట్టూ చూడండి.

పిస్టన్‌ని వెనక్కి నెట్టే ముందు బానెట్ తెరిచి ఆయిల్ డబ్బా చూడండి. ప్యాడ్లు అరిగాక ఎవరైనా ఆయిల్ నిండా పోసి ఉంటే, పిస్టన్ నెట్టగానే అది పొంగి పెయింటు మీద పడుతుంది. బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. సిరంజితో కొంచెం తీసేయండి. పాత ప్యాడ్‌ని పిస్టన్ మీద అడ్డం పెట్టి సీ క్లాంప్‌తో నెమ్మదిగా నొక్కితే లోపలికి పోతుంది. బలవంతం చేయాల్సి వస్తే పిస్టన్ బిగుసుకుంది, క్యాలిపర్ మరమ్మతు చేయాల్సిందే.

వెనక చక్రాలకు ఈ పద్ధతి పనిచేయదు. హ్యాండ్‌బ్రేక్ అదే పిస్టన్‌తో పనిచేస్తుంది కాబట్టి లోపల మరలాంటి ఏర్పాటు ఉంది. నొక్కితే విరుగుతుంది గానీ కదలదు. హ్యాండ్‌బ్రేక్ వదిలి, క్యాలిపర్ వెనక ఉన్న చిన్న మూత బోల్టు తీయండి. లోపల 4 ఎంఎం ఆలెన్ కీ పడుతుంది. గడియారానికి ఎదురు దిశలో తిప్పితే పిస్టన్ లోపలికి వెళ్తుంది. కొత్త ప్యాడ్లు పెట్టాక గడియారం దిశలో ప్యాడ్లు డిస్కును పట్టుకునేదాకా తిప్పి, మూడో వంతు తిప్పు వెనక్కి తీసుకోండి. ఈ ఒక్క సర్దుబాటు వదిలేస్తే హ్యాండ్‌బ్రేక్ వదులుగా, పెడల్ లోతుగా ఉంటుంది.

కొత్త ప్యాడ్ వెనక రేకు మీద, చెవుల మీద గ్రీజు కొంచెం రాస్తే కీచు తగ్గుతుంది. లైనింగ్‌కి గానీ డిస్కుకి గానీ తగలకూడదు. ఎప్పుడూ ఎడమ కుడి రెండు చక్రాలకూ ఒకేసారి, ఒకే రకం వేయండి. బోల్టులను మాన్యువల్ కొలతకు టార్క్ రెంచ్‌తో బిగించండి. చక్రం నట్లకు మియాటాలో 65 నుంచి 87 ఫుట్ పౌండ్లు, నేను 80 పెడతాను, నక్షత్రం ఆకారంలో ఒకదాని తర్వాత ఎదురుది.

ఆయిల్ కూడా మార్చేటట్టయితే ఇప్పుడే బ్లీడింగ్ చేయండి, అంటే పాత ఆయిల్‌నీ గాలినీ బయటికి పంపడం. దీనికి ఇద్దరు కావాలి. మా ఆయన సీట్లో కూర్చుంటారు. నేను "నొక్కు" అంటే నొక్కి, "పట్టాను" అని ఆయన అన్నాకే క్యాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే నిప్పుల్ వదులు చేస్తాను. మళ్లీ బిగించి "వదులు" అన్నాకే ఆయన కాలు తీయాలి. నిప్పుల్ తెరిచి ఉండగా కాలు తీస్తే గాలి లోపలికి పోతుంది. డబ్బాలో ఆయిల్ అడుగంటనివ్వకండి.

కారు కిందికి దించాక, ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, పెడల్‌ని నెమ్మదిగా పదిసార్లు నొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టారు కాబట్టి మొదటి రెండు మూడు సార్లు పెడల్ నేలకు తగులుతుంది. ఇది మర్చిపోయి కారు తీస్తే గరాజు తలుపే ఆపాలి. నేను పని మొదలుపెట్టేటప్పుడే స్టీరింగ్ మీద "పెడల్" అని రాసిన టేపు అంటిస్తాను. నొక్కి గట్టిపడ్డాకే ఆ టేపు తీస్తాను.

చివరగా బెడ్డింగ్. కొత్త ప్యాడ్ పదార్థం డిస్కు మీద సమంగా పలచటి పొరగా పరుచుకోవాలి. వేరే రకం ప్యాడ్లు వేస్తున్నట్టయితే పాత పొరను గరుకు కాగితంతో ముందే తీసేయండి. తయారీదారు ఇచ్చిన పద్ధతి ఉంటే అదే చేయండి. లేకపోతే వెనక ఎవరూ రాని ఖాళీ రోడ్డు మీద గంటకు 50 మైళ్ల నుంచి 10 మైళ్లకు, గట్టిగా కానీ చక్రాలు లాక్ అవకుండా, ఎనిమిది పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపకండి. కాలుతున్న వాసన వస్తుంది, కంగారు పడొద్దు. తర్వాత బ్రేక్ వీలైనంత తక్కువ వాడుతూ పది నిమిషాలు నడిపి చల్లార్చండి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయకండి, గేరులో ఉంచి చక్రానికి చెక్క పెట్టండి. ట్రాక్‌లో ప్రతి సెషన్ తర్వాతా ఇదే.

మర్నాడు చల్లగా ఉన్నప్పుడు చక్రం నట్లు మళ్లీ టార్క్ చూడండి, ఆయిల్ మట్టం చూడండి, నిప్పుల్స్ దగ్గర తడి ఉందేమో వేలితో తడమండి. విప్పిన ట్రాక్ ప్యాడ్లలో సగానికి పైగా మిగిలినవి ఉంటే అట్టపెట్టెలో తేదీ, చక్రం పేరు రాసి డిక్కీలో పెడతాను, 14 ఎంఎం పానా, 4 ఎంఎం ఆలెన్ కీ వాటి పక్కనే. విల్లోస్ చుట్టుపక్కల ఆదివారం మధ్యాహ్నం మియాటా ప్యాడ్లు దొరకవు. ఇప్పుడు మధ్యాహ్నం భోజనం విరామంలో ముందు కుడి చక్రం విప్పి, వంగి, లోపలి ప్యాడ్ వైపు చూసి, మళ్లీ బిగిస్తాను. పదిహేను నిమిషాలు పడుతుంది.